పొట్లాలు కట్టే చేతులు

పాఠం మీద మనసు నిలపని విద్యార్థిని మందలించేటప్పుడు తెలుగునాట ఉపాధ్యాయుల నోట తరచుగా వెలువడే వాక్యం ఒకటి ఉన్నది: "చదువు రాకపోతే కిరాణా కొట్టులో పొట్లాలు కట్టుకొని బ్రతకవలసిందే!" వెనుకటి తరంలో ఈ వాక్యంలో పొట్లాలకు బదులు గేదెలుండేవి. పట్టణాలు పెరిగిన కొద్దీ గేదెలు తప్పుకొని పొట్లాలకు చోటిచ్చాయి. ఆ మాట అనే గురువుకు ఎవరిమీదా ద్వేషం లేదు. పిల్లవాడు బాగుపడాలనే ఆరాటమే ఆయనచేత అలా అనిపిస్తుంది. కాని ఆ మాట ఎవరి చెవిని పడుతున్నదో ఆయన గమనించడు.

సికింద్రాబాదులోని ఒక కళాశాల తరగతిని ఊహించుకోవచ్చు. ఉదయం మొదటి గంట. అరవైమంది విద్యార్థులు. వెనుక వరుసలో ఒకడు కునికిపాట్లు పడుతున్నాడు. గురువుగారికి కోపం వచ్చింది; అలవాటైన వాక్యం అన్నారు; తరగతి అంతా నవ్వింది. కునికిపాట్లు పడుతున్నవాడు కూడా నవ్వాడు. అతడు ముందటి రాత్రి పదిన్నర గంటలకు మోండా మార్కెట్టు దగ్గరి సందులో ఒక కిరాణా కొట్టు షట్టరు దించి, చిలకలగూడలోని గదికి నడిచి వెళ్ళి, పన్నెండు దాటిన తరువాత నడుము వాల్చినవాడు. అతడు చదువు రాక పొట్లాలు కట్టడం లేదు, చదువుకోవడానికే కడుతున్నాడు. ఈ తేడా గురువుగారికి తెలియదు. తెలియనీయకుండా అతడే దాచుకొన్నాడు. ఆ వాక్యం అటువంటివారి నోరు మూయిస్తుంది గనుకనే దాచుకొన్నాడు.

ఇటువంటి విద్యార్థుల పనిని గూర్చి పెద్దలు సాధారణంగా రెండు విధాలుగా మాట్లాడతారు. కొందరు చిన్నచూపు చూస్తారు, కొందరు జాలిపడతారు. ఈ రెండింటివల్లా ఆ పిల్లలకు ఒరిగేది లేదు. వారి పనికి గౌరవం కావాలి. గౌరవంతోపాటు ఒక ఎల్ల కూడా కావాలి. ఈ రెండవదాన్ని గురించి ఆలోచించేవారు అరుదు.

సికింద్రాబాదుకు అంగడి కొత్తది కాదు. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేర వెలసిన ఈ ఊరు ఆంగ్లేయుల దండు విడిదిగా పెరిగింది. జనం దీనిని లష్కర్ అనడం అందుకే. దండు ఉన్నచోటికి దినుసులు రాక తప్పదు. దినుసుల వెంట వర్తకులు వచ్చారు. 1874లో వాడి నుంచి రైలుమార్గం ఇక్కడికి చేరిన తరువాత సరుకుల రాకపోకలు మరింత పెరిగాయి. తెలుగు, ఉర్దూ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మార్వాడీ ఒకే వీధిలో వినబడే బజారులు ఇక్కడివి. ఈనాడు పాత కిరాణా కొట్ల పక్కనే, కొనేవారు తామే బుట్ట పట్టుకొని సరుకులు ఏరుకొనే పెద్ద దుకాణాలు వెలిశాయి. సెల్‌ఫోనులో అడిగిన సరుకును నిమిషాల మీద ఇంటికి పంపే గిడ్డంగులు కూడా వచ్చాయి. రూపం ఏదైనా, ఈ అంగళ్ళన్నింటికీ అసలు రద్దీ సాయంకాలమే. ఆఫీసులు మూసిన తరువాత గాని గృహస్థు సంచి పట్టుకొని బయలుదేరడు. కళాశాలలు విడిచేదీ ఆ వేళకు కొంచెం ముందే. నల్లగొండ, మెదక్, వరంగల్లు ప్రాంతాల పల్లెల నుంచి వచ్చి, నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకొన్న పిల్లవాడికి సాయంకాలం ఖాళీ. కొట్టు యజమానికి సాయంకాలం మనిషి కావాలి. పార్ట్‌టైం కొలువును ప్రత్యేకంగా ఎవరూ కనిపెట్టలేదు. గడియారమే ఆ ఇద్దరినీ కలిపింది.

బీదవిద్యార్థి కష్టపడి చదువుకోవడం తెలుగువారికి తెలియని కథ కాదు. "వారాలు చేసుకొని చదివాడు" అన్న మాట పాతతరం జీవితచరిత్రలలో తరచుగా తగులుతుంది. ఏడు ఇళ్ళు కుదుర్చుకొని, రోజుకొక ఇంట భోజనం చేస్తూ చదువు సాగించడమే వారాలు చేసుకోవడం. టంగుటూరి ప్రకాశం పంతులుగారికి బాల్యంలోనే తండ్రి గతించగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. పూటకూళ్ళ వృత్తిని ఆనాటి సంఘం గొప్పగా చూడలేదు. ఆ ఇంట పెరిగిన బిడ్డయే 1953లో ఆంధ్రరాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయినాడు.

అయితే వారాల పద్ధతిలో రెండు లోపాలున్నాయి. అన్నం పెట్టిన ఇంటివారి ఎదుట ఎప్పుడూ ఒదిగి ఉండవలసి రావడం మొదటిది. ఆ అన్నం అన్ని కులాల పిల్లలకూ దొరకకపోవడం రెండవది. అది ప్రధానంగా బ్రాహ్మణ బాలురకు అందిన సదుపాయం. కొట్టులో పనిచేసి చదువుకొనే విద్యార్థి ఎవరి దయమీదా ఆధారపడడు. గంటలు ఇస్తాడు, జీతం పుచ్చుకొంటాడు. సాయంకాలపు రద్దీలో యజమానికి కావలసినవి చురుకైన చేతులు గాని గోత్రనామాలు కావు. బిల్లులు వేసే బల్ల దగ్గర ఆడపిల్లలకు కూడా చోటు దొరుకుతున్నది. ఈ విధంగా చూస్తే, వారాల అన్నం నుంచి కొట్టు జీతానికి రావడం సంఘం ఒక మెట్టు పైకి ఎక్కడమే.

కొట్టు నేర్పే విద్య కూడా తక్కువది కాదు. ముప్పావు కిలో కందిపప్పు, నూటయాభై గ్రాముల ఎండుమిర్చి, పావుకిలో చింతపండు అని గృహిణి చీటీ చదువుతూ ఉండగానే కుర్రవాడు ధరలు మనసులో కూడుకొంటాడు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు చెలామణిలోకి వచ్చి, 1956 నాటి చట్టం ననుసరించి మెట్రిక్ తూనికలు క్రమంగా అమలయ్యేవరకు కొట్టు గుమాస్తాలు సేర్లు, వీశెలు, అణాలు, దమ్మిడీల లెక్కలను నోటితో కట్టేవారు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా ఆ శ్రమను తగ్గించింది. అయినా యంత్రం చూపిన అంకె సరియైనదా కాదా అని కనిపెట్టగల కన్ను మనిషికి ఉండాలి. ప్యాకెట్టు మీద నికర బరువు, తయారైన కాలం, గరిష్ఠ చిల్లర ధర అచ్చువేయాలని ప్యాకేజీ సరుకుల నిబంధనలు శాసిస్తున్నాయి. వాటిని రోజూ చదివి, ఏ సరుకు ముందు అమ్ముడుపోవాలో, ఏది వెనక్కు పంపాలో నిర్ణయించే పిల్లవానికి చట్టం అనుభవంలోనే బోధపడుతుంది. ముందు వచ్చిన సరుకు ముందు పోవాలనే సూత్రాన్ని కామర్సు విద్యార్థి తరగతిలో వల్లె వేస్తాడు. పాత పిండి సంచిని ముందుకూ, కొత్తదానిని వెనుకకూ జరిపేటప్పుడు గాని ఆ సూత్రం ఎందుకు పుట్టిందో అతనికి స్పష్టం కాదు.

ఇక భాష సంగతి. ఒక ముసలమ్మ వచ్చి ఇంగువ అడుగుతుంది. వెనుక నిలబడినవారు హింగ్ అంటారు. మరొక తమిళ గృహిణి పెరుంగాయం అంటుంది. కొట్టు కుర్రవాని చెయ్యి మూడుసార్లూ ఒకే డబ్బా మీదికి పోతుంది. అరువు అడిగిన పాత ఖాతాదారుకు నొచ్చుకోకుండా లేదని చెప్పడం, తూకంలో తేడా ఉన్నదని కోపగించినవారి ఎదుటనే మళ్ళీ తూచి చూపడం, గల్లాపెట్టె దగ్గర పైసా అటూ ఇటూ కాకుండా లెక్క ఒప్పజెప్పడం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. చేతిపనినీ చదువునూ జోడించాలని గాంధీజీ కోరారు. ఆ ఆలోచనను చర్చించడానికి 1937లో వార్ధాలో మహాసభ జరిగింది. ప్రణాళిక తయారుచేసిన సంఘానికి అధ్యక్షత వహించిన జాకిర్ హుస్సేన్‌గారు హైదరాబాదులోనే జన్మించారు. ఆ మహనీయులు బడిలోకి పనిని తీసుకొనిరావాలని ప్రయత్నించారు. ఇక్కడ ఈ పిల్లలు తాముగా పనిలోకి వెళ్ళి, ఆ అనుభవాన్ని బడి వాకిట విడిచి లోపలికి వస్తున్నారు. దానిని లోపలికి రమ్మని పిలవవలసినవాడు ఉపాధ్యాయుడు.

ఇంతమాత్రాన కొట్టుపనిని పొగడి ఊరుకొంటే అది ఆ పిల్లలకు అన్యాయమే అవుతుంది. ఇద్దరి జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తేటపడుతుంది. అబ్రహాం లింకన్ 1831లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని న్యూ సేలం అనే చిన్న ఊరిలో ఒక దుకాణంలో గుమాస్తాగా చేరాడు. ఆ ఊరిలో ఉన్న కాలంలోనే దొరికిన తీరికలో ఆంగ్ల వ్యాకరణం నేర్చాడు; న్యాయశాస్త్ర గ్రంథాలు చదవడం మొదలుపెట్టాడు. మరొక యాభై ఏళ్ళకు ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్ అనే పిల్లవాడు బట్టల దుకాణంలో అప్రెంటిసుగా చేరాడు. రోజుకు పదమూడు గంటల చాకిరి. అది భరించలేక బయటపడి, ఒక బడిలో సహాయకుడుగా చేరి చదువు సాగించి, తరువాత మహారచయిత అయినాడు. దుకాణంలో అనుభవించిన వేదనను 1905లో వెలువడిన "కిప్స్" నవలలో చిత్రించాడు. ఇద్దరూ దుకాణంలోనే పనిచేశారు; ఇద్దరికీ చదువు మీద ఆసక్తి సమానమే. ఒకనికి పుస్తకం తెరిచే వేళ మిగిలింది. రెండవవాడు ఆ వేళకోసం దుకాణాన్నే విడిచిపెట్టవలసి వచ్చింది.

సికింద్రాబాదు విద్యార్థి లెక్క వేసి చూడండి. సాయంకాలం అయిదింటికి చేరి రాత్రి పదింటికి విడిస్తే రోజుకు అయిదు గంటలు. వారానికి ఆరు రోజులైతే ముప్పై. ఆదివారం నాడు కూడా పూర్తిగా రమ్మంటే నలభై సమీపిస్తుంది. పూర్తికాలపు గుమాస్తాకు చట్టం విధించిన హద్దు వారానికి 48 గంటలు. అంటే పార్ట్‌టైం అనే చిన్న పేరు వెనుక ఇంచుమించు నిండు ఉద్యోగమే దాగి ఉన్నదన్నమాట. తొలినాడు మూడు గంటలన్నది నెల తిరిగేసరికి నాలుగవుతుంది. ఆషాఢంలో ఉజ్జయినీ మహాకాళి జాతర వస్తే బెల్లానికీ, బియ్యానికీ, పసుపుకూ బేరం హెచ్చుతుంది, నాలుగు అయిదవుతుంది. రంజాను, దసరా, దీపావళి అదే వరుస. పండుగ వెళ్ళిపోతుంది, పెరిగిన గంట మాత్రం తగ్గదు. పరీక్షలు దగ్గరపడినప్పుడు సెలవు అడిగితే, ఆ చోటికి మరొకడు వస్తాడేమోనని భయం. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాని స్థితి అది. ఒక పడవను నీరు లాగుతున్నదని రెండవ పడవవారికి తెలియదు.

ఇతర దేశాలు ఈ ఎల్లను అంకెలలో నిర్ణయించాయి. అమెరికాలో 1938 నాటి శ్రమ ప్రమాణాల చట్టం కింద 14, 15 ఏళ్ళ పిల్లలు బడి ఉన్న రోజున 3 గంటలకు, బడి ఉన్న వారంలో 18 గంటలకు మించి పనిచేయరాదు. ఆ దేశానికి చదువుకు వెళ్ళిన విదేశ విద్యార్థులు చదువు సాగే కాలంలో విద్యాసంస్థ ఆవరణలో వారానికి 20 గంటల వరకే పనిచేయవచ్చు. ఆవరణ బయట అనుమతి లేకుండా పనిచేయడం నిషిద్ధం. బ్రిటనులో డిగ్రీ చదివే విదేశ విద్యార్థికి తరగతులు జరిగే కాలంలో 20 గంటలు. కెనడాలో 2024 నవంబరు నుంచి 24 గంటలు. ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి పక్షానికి 48 గంటలు. ఈ నియమాలు పెట్టడంలో ఆ దేశాలకు తమ కారణాలు తమకున్నాయి. అయినా వాటి అడుగున ఉన్న తలపు ఒకటే: చదువుకు వచ్చినవాడికి చదువు ముందు, పని తరువాత.

ఆ దేశాలలో అటువంటి దుకాణాలలో నిలబడుతున్నవారిలో తెలుగు విద్యార్థులు కూడా ఉన్నారు. ఇక్కడ ఒక విచిత్రం గమనించదగినది. కొడుకు డాలస్ నగరంలో సరుకుల దుకాణంలో బిల్లులు వేస్తున్నాడని తెలిస్తే తండ్రి దానిని స్వయంకృషి అంటాడు. అదే కొడుకు మారేడుపల్లిలో ఆ పనే చేస్తే బంధువులకు చెప్పడానికి సిగ్గుపడతాడు. ఏడు సముద్రాలు దాటగానే పనికి గౌరవం వచ్చేటట్లయితే ఆ గౌరవం పనిది కాదు, విమానానిది. పైగా అక్కడ అనుమతి లేకుండా బయటి దుకాణంలో పనిచేసిన విద్యార్థి వీసానే పోగొట్టుకోవచ్చు. ఇంట ఉండగా పని విలువనూ, పని హద్దునూ నేర్పని పెద్దలు, పరాయిదేశంలో బిడ్డ వాటిని తనంతట తాను నేర్చుకోవాలని ఆశించడం న్యాయం కాదు.

మన దేశంలో చట్టాలు లేకపోలేదు. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించిన తరువాత 14 ఏళ్ళు నిండని పిల్లలను కొట్టులో పనికి పెట్టుకోవడం నేరం. సొంత కుటుంబపు కొట్టులో బడి వేళలు ముగిసిన తరువాత, సెలవు రోజులలో, అపాయం లేని పనులలో మాత్రం వారు సాయపడవచ్చు. 14 నుంచి 18 ఏళ్ళ లోపువారిని ప్రమాదకరమైన పనులలో నియమించరాదు. కనీస వేతనానికి 1948 నుంచి చట్టమున్నది. దాని స్థానంలో 2019లో చేసిన వేతనాల స్మృతి 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. దుకాణాలలో పనివేళలకు ప్రత్యేకంగా ఒక చట్టమున్నది. కాని ఇవన్నీ బాలుని వయస్సును, కార్మికుని జీతాన్ని, పూర్తికాలపు గుమాస్తా విశ్రాంతిని దృష్టిలో పెట్టుకొన్నవి. పద్దెనిమిదేళ్ళు నిండిన కళాశాల విద్యార్థి కొట్టులో అడుగుపెట్టగానే చట్టం కంటికి కార్మికుడు మాత్రమే. మర్నాడు ఉదయం అతనికి తరగతి ఉన్నదన్న సంగతి దానికి కనబడదు.

చట్టాలు దయతలచి తమంతట తాము మారవు. పొరుగునే ఉదాహరణ ఉన్నది. కేరళలో బట్టల దుకాణాలలో పనిచేసే స్త్రీలు రోజంతా నిలబడలేక, పనివేళల్లో కూర్చొనే హక్కు కావాలని ఉద్యమించారు. 2018లో ఆ రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించి ఆ హక్కు ఇచ్చింది. తమిళనాడు 2021లో అదే మార్గం అనుసరించింది. ఒక పీటకోసం చట్టసభలు రెండు తీర్మానించవలసి వచ్చిందని నవ్వుకోవచ్చు. అయిదారు గంటలు నిలబడి, తరువాత దీపం ముందు పుస్తకం పట్టుకొన్నవారెవరూ నవ్వరు.

ఇక్కడ కొట్టు యజమాని పక్షం కూడా వినాలి. చిన్న కిరాణా వర్తకుడు రాక్షసుడు కాడు. తెల్లవారకముందే పాలప్యాకెట్లు దించుకొని రాత్రివరకు తానూ నిలబడేవాడే. పెద్ద దుకాణాల పోటీలో అతని లాభం రోజురోజుకూ సన్నగిల్లుతున్నది. "మా రోజులలో మేమూ ఇంతే చేశాము" అంటాడు. అది అబద్ధం కాదు. కాని విద్యార్థికి కావలసినవాటిలో చాలావాటికి అతడు అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. ఎన్ని గంటలకు వచ్చి ఎన్ని గంటలకు పోవాలో మొదటిరోజే కాగితం మీద వ్రాసుకోవడం, పరీక్షల పదిహేను రోజులకు ముందే సెలవు ఒప్పుకోవడం, బేరం లేనప్పుడు కూర్చోవడానికి ఒక ముక్కాలిపీట, నెల మొదటివారంలోనే జీతం. ఇద్దరు విద్యార్థులు వంతులు వేసుకొని ఒక మనిషి పని నిర్వహించే ఏర్పాటు చేస్తే కొట్టు ఆగదు, చదువూ ఆగదు.

"విద్యార్థికి చదువే పని, కొట్టు ఎందుకు?" అని అడిగేవారున్నారు. ఆదర్శంగా అది నిజమే. ఫీజులకూ, హాస్టలుకూ, పుస్తకాలకూ సహాయం అందరికీ సకాలంలో చేరిన రోజున ఆ మాట అనే అధికారం అందరికీ వస్తుంది. అంతవరకు ఆ సలహా గది అద్దె కట్టదు. పనిచేసుకొంటూ చదివేవారి కోసమే దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో నెలకొన్నది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు వహించి ఉన్నది. పనిచేసే విద్యార్థి ఉన్నాడని ప్రభుత్వం నాలుగు దశాబ్దాల కిందటనే అంగీకరించింది. రోజూ తరగతికి వచ్చే విద్యార్థులలో కూడా అతడు ఉన్నాడని కళాశాలలు అంగీకరించవలసి ఉన్నది.

విద్యార్థి తనవంతుగా చేయవలసినది కూడా లేకపోలేదు. చేస్తున్న పనిని దాచుకోకూడదు. దాచుకొన్న పనికి హద్దు అడగడం సాధ్యం కాదు. వారానికి ఇరవై గంటలు దాటితే చదువు కుంటుపడుతుందని తోచినప్పుడు, కొట్టులో ఆ మాట మర్యాదగా, మొదటనే చెప్పాలి. కొట్టు అతనికి ఈ ఏటి ఫీజు ఇస్తుంది. చదువు అతని ముందున్న నలభై ఏళ్ళకు దారి చూపుతుంది. ఈ రెండింటిలో ఏది దేనికోసం మొదలైందో అతడు మరచిపోకూడదు.

ఉపాధ్యాయుడు చేయవలసినది అన్నింటికంటె సులభం. సంవత్సరారంభంలో హాజరుపట్టీతోపాటు, ఎవరెవరు ఎక్కడ పనిచేస్తున్నారో ఒక్కొక్కరినీ విడిగా అడిగి తెలుసుకోవచ్చు. వారి పరీక్షలకు, వ్రాతపనులకు గడువు కొంచెం సడలించవచ్చు. అర్థశాస్త్రం చెప్పేవారు గిరాకీని గురించి చెబుతూ, వెనుక వరుసలోని ఆ పిల్లవాణ్ణి లేపి, పండుగ ముందు బెల్లం ధర ఎట్లా మారిందో చెప్పమనవచ్చు. అప్పుడు తరగతి నవ్వదు, వింటుంది. ఇవేవీ కుదరకపోయినా, పొట్లాల వాక్యాన్ని మాత్రం విడిచిపెట్టవచ్చు. గంట మ్రోగిన తరువాత ఆ కునికిపాట్ల విద్యార్థిని పక్కకు పిలిచి, "నిన్న రాత్రి ఎన్ని గంటలకు పడుకొన్నావు నాయనా?" అని అడగవచ్చు.